పానా జారితే తప్పెవరిది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సొంత కారుకు ఇంటి దగ్గరే చిన్నాచితకా మరమ్మతులు చేసుకోవడం గురించి కిందటి సంచికలో రాసినప్పుడు, ఇంజను గురించో బ్రేకుల గురించో ప్రశ్నలు వస్తాయనుకున్నాను. తీరా చూస్తే ఎక్కువ ఉత్తరాలు పనిముట్ల మీద ఫిర్యాదులే. కారు బుద్ధిగానే ఉంది, చేతిలోని పానాయే మొరాయించిందన్నది చాలామంది బాధ. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇచ్చాను.

ప్రశ్న: ఇంజనాయిలు నేనే మార్చుకుందామని మొదటిసారి పూనుకున్నాను. అందుకోసం నూటికి పైగా సామాన్లున్న సాకెట్ల పెట్టె కొన్నాను. పాత ఆయిలు వదలడానికి అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టుకు 14 మి.మీ. సాకెట్ తొడిగి బలంగా తిప్పితే బోల్టు కదలలేదు సరికదా, మూలలు అరిగిపోయి దాని తల గుండ్రంగా తయారైంది. సైజు సరైనదే. తప్పు నా చేతిదా, సాకెట్‌దా?

జవాబు: సాకెట్‌ను నిటారుగా, బోల్టు తల మొత్తాన్నీ కప్పేలా తొడిగే తిప్పారా? అలా తిప్పి ఉంటే తప్పు చాలావరకు సాకెట్‌దే.

ఆ సాకెట్ లోపలికి ఒకసారి తొంగి చూడండి. ఆరు మూలలకు బదులు పన్నెండు కనిపిస్తే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. ఆరు పలకల బోల్టును ఆరు మూలల సాకెట్ పట్టుకున్నప్పుడు బలం మూలకు కాస్త ఇవతలగా, పలక మీద పడుతుంది. పన్నెండు మూలల సాకెట్ దాదాపు మూల అంచునే పట్టుకుంటుంది. మేలైన ఉక్కుతో, కచ్చితమైన కొలతతో చేసినదైతే పన్నెండు మూలలున్నా మామూలు బోల్టును అది ఇబ్బంది పెట్టదు, పైగా ఇరుకు చోట్ల తొడగడానికి సులువుగా ఉంటుంది. నాసిరకం సాకెట్‌లో కొలత వదులుగా ఉంటుంది కనుక, బలం పడేసరికి బోల్టు దానిలో కొద్దిగా పక్కకు తిరిగి, మూల ఒక్కటే ఆ బరువంతా మోయవలసి వస్తుంది. దానికి తోడు ఉక్కు మెత్తనిదైతే సాకెట్ నోరు కంటికి కనబడనంతగా విచ్చుకుంటుంది. బలం తీసేశాక అది మళ్ళీ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి మనం సాకెట్‌ను అనుమానించం, మన చేతినే తిట్టుకుంటాం.

ఇంకొక లోపాన్ని చాలామంది గమనించరు. సాకెట్ సులువుగా తొడుక్కోవడానికి నోటి దగ్గర లోపలి అంచును కొంచెం ఏటవాలుగా చెక్కుతారు. చవక సాకెట్లలో ఈ వాలు మరీ లోతుగా ఉంటుంది. డ్రెయిన్ బోల్టు తల మందం తక్కువ. ఆ కాస్త మందంలో మూడో వంతు ఈ వాలులోకే పోతే, పట్టుకోవలసిన పలకలో మిగిలేది ఎంత? పైకి పూర్తిగా తొడిగినట్టే ఉంటుంది కానీ, లోపల సాకెట్ బోల్టును కొసల దగ్గర మాత్రమే పట్టుకుని ఉంటుంది. బోల్టు తలలు పలుచగా ఉండే చోట్ల కోసం సాకెట్ మూతిని సాన మీద చదునుగా అరగదీసి, ఆ వాలును తీసేసి వాడుకునే మెకానిక్కులు ఉన్నారు. మీ పెట్టెలోని 14 మి.మీ. సాకెట్‌కూ ఆ పని చేయవచ్చు, కానీ ఉక్కు మెత్తనిదైతే వైద్యం సగమే అవుతుంది.

పెట్టెలో అంగుళాల సాకెట్లు కూడా కలిసి ఉంటే, చేతికి వచ్చింది ఏదో సరిచూసుకోండి. 9/16 అంగుళం అంటే 14.29 మి.మీ. ఆ వదులు చేతికి పెద్దగా తెలియదు కానీ బోల్టు మూలకు బాగా తెలుస్తుంది. 3/4 అంగుళం మాత్రం 19.05 మి.మీ. కనుక 19 మి.మీ. బోల్టుకు నిశ్చింతగా సరిపోతుంది.

ఇప్పుడు ఆ బోల్టు సంగతి. ముందుగా ఏ వైపు తిప్పుతున్నారో మరొకసారి ఆలోచించుకోండి. కారు కింద వెల్లకిలా పడుకుని, కాళ్ళు ఎటో తల ఎటో ఉన్నప్పుడు విప్పే దిక్కు, బిగించే దిక్కు తారుమారైనట్టు అనిపిస్తుంది. అలా విప్పుతున్నాననుకుని బిగించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. దిక్కు సరైనదేనని తేలాక, ఆరు మూలల 13 మి.మీ. సాకెట్‌ను సుత్తితో నెమ్మదిగా తట్టి, అరిగిన తల మీదికి బిగుతుగా ఎక్కించండి. ఆయిలు తొట్టి అల్యూమినియంతో చేసినదై ఉండవచ్చు కనుక బాదకూడదు. అదీ జారిపోతే, లోపల వ్యతిరేక దిశలో మెలికలు తిరిగి ఉండే, అరిగిన బోల్టుల కోసమే చేసిన సాకెట్లు దొరుకుతాయి. వాటిని తిప్పేకొద్దీ తలను మరింతగా కొరికి పట్టుకుంటాయి. టిక్కుటిక్కుమంటూ ఒకే వైపు పట్టు ఇచ్చే పళ్ళ పిడి, అంటే రాట్చెట్‌తో కాక పొడవైన సాదా బారుతో తిప్పండి. బోల్టు ఊడి వచ్చాక పాతదాన్ని మళ్ళీ పెట్టవద్దు. కొత్త బోల్టు, కొత్త వాషరు వేసి, కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో చెప్పినంత మేరకే బిగించండి. వచ్చేసారి మీకు ఇదే అవస్థ రాకుండా ఉండేది ఆ ఒక్క జాగ్రత్త వల్లనే.

ప్రశ్న: బ్రేకు డిస్కు మార్చాలని చక్రం విప్పాను. డిస్కును, చక్రం బిగించే హబ్బుకు పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలున్నాయి. స్టార్ స్క్రూడ్రైవరు పెట్టి ఎంత నొక్కి తిప్పినా పైకి ఎగదన్నుతోంది. ఒక స్క్రూ గాడి పూర్తిగా అరిగిపోయింది, స్క్రూడ్రైవరు మొన మెలితిరిగింది. రెండోదాన్ని ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: భయపడి ఆగడం మంచిదైంది. మనం స్టార్ అని ఒకే పేరుతో పిలిచే గాడి నిజానికి మూడు నాలుగు రకాలు. 1930ల్లో అమెరికాలో వాడుకలోకి వచ్చిన ఫిలిప్స్ గాడి ఒకటి. దాని గోడలు ఏటవాలుగా ఉంటాయి కనుక, బలం పెరిగినకొద్దీ మొన పైకి జారాలని చూస్తుంది. జపాన్ ప్రమాణమైన జేఐఎస్ ప్రకారం చేసిన గాడి చూడడానికి అచ్చం ఫిలిప్స్ లాగే ఉంటుంది కానీ, ఫిలిప్స్ మొన దాని అడుగుదాకా దిగదు. జపాన్ కంపెనీల వాహనాల్లో ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. స్క్రూ తల మీద చిన్న చుక్క గుర్తు కనిపిస్తే అది జేఐఎస్ అని అర్థం చేసుకోవచ్చు. ఇక పోజీడ్రైవ్ అనే ఐరోపా రకంలో పెద్ద గీతల మధ్య సన్నని గీతలు ఉంటాయి.

రకంతో పాటు సైజు కూడా ముఖ్యం. ఇళ్ళలో ఉండే స్టార్ స్క్రూడ్రైవర్లు దాదాపు అన్నీ 2వ నంబరువి. డిస్కు స్క్రూలకు తరచుగా కావలసింది 3వ నంబరు. చిన్న మొన పెద్ద గాడిలో కూర్చున్నట్టే కూర్చుని, తిప్పగానే గోడలను చెక్కేస్తుంది. మొన మెలితిరిగిందన్నారు కనుక మీ స్క్రూడ్రైవరు ఉక్కు మరీ మెత్తనిది. మరీ గట్టిదైతే మెలితిరగడానికి బదులు పెళుసుగా విరిగి, ముక్క ఎగిరి వచ్చేది. రెండింటిలో మీకు జరిగినదే మేలు, అయినా కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయవద్దు.

రెండో స్క్రూకు, సుత్తితో వెనుక కొడితే మొన లోపలికి నొక్కుకుంటూనే కొద్దిగా తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు అనే పనిముట్టు వాడండి. కరెంటుతో తిరిగేది అక్కర్లేదు, చేతిది చాలు. 3వ నంబరు మొన పెట్టి, తిప్పే దిక్కు సరిచూసుకుని, నాలుగు గట్టి దెబ్బలు వేయండి. తుప్పు పట్టిన స్క్రూ కూడా సాధారణంగా ఈ దెబ్బలకు లొంగుతుంది. గాడి పోయిన మొదటి స్క్రూ గురించి దిగులు అక్కర్లేదు. డ్రిల్లుతో దాని తలను తొలిచేయండి. తల పోగానే డిస్కు బయటికి వస్తుంది, బిగువు వదిలిపోయిన మిగతా ముక్కను ప్లయరుతో పట్టి తిప్పితే చాలా సందర్భాల్లో చేతి బలానికే వచ్చేస్తుంది. ఆ స్క్రూలు కారు తయారయ్యేటప్పుడు డిస్కు పడిపోకుండా పట్టి ఉంచడానికి పెట్టినవే. నడిచేటప్పుడు డిస్కును బిగించి ఉంచేవి చక్రం నట్లు. కొత్త స్క్రూ పెట్టేటప్పుడు మర మీద మాత్రమే, తుప్పుతో బిగుసుకోకుండా చూసే యాంటీ సీజ్ గ్రీజు కాస్త రాయండి, డిస్కు ముఖం మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.

ప్రశ్న: టార్క్, అంటే తిప్పే బలం ఎంత ఉండాలో ముందే అమర్చుకోగల టార్క్ రెంచ్ ఉంటే బోల్టులు విరగవని చదివి, 20 నుంచి 210 దాకా అంకెలున్నది ఒకటి కొన్నాను. ఇంజను పైమూతకు ఉండే చిన్న బోల్టులకు 10 న్యూటన్ మీటర్లని పుస్తకంలో ఉంది. అడుగు గీతకన్నా కిందికి తిప్పి, అంచనాగా 10 దగ్గర పెట్టి బిగిస్తూ ‘టిక్’ శబ్దం కోసం ఎదురుచూశాను. శబ్దం రాకముందే బోల్టు విరిగింది. నేను మోసపోయానా?

జవాబు: మోసం కొంత, పొరపాటు కొంత. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, మీరు వాడిన రెంచ్ ఆ పనికి ఉద్దేశించినది కాదు. టార్క్ రెంచ్ గరిష్ఠ విలువలో ఐదో వంతు కన్నా కింద అది చెప్పే మాటను నమ్మకూడదు. అంటే మీదాన్ని దాదాపు 40 నుంచి పైకి మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. మూత బోల్టులు బహుశా 6 మి.మీ. మందంవి. బలాన్ని తెలిపే 8.8 అనే ముద్ర తల మీద ఉన్న 6 మి.మీ. బోల్టును సాధారణంగా బిగించేది సుమారు 10 న్యూటన్ మీటర్లకు. 8 మి.మీ. బోల్టుకు సుమారు 25. ఇంత చిన్న బోల్టులకు పావు అంగుళం చదరపు మొన ఉన్న చిన్న టార్క్ రెంచ్ కావాలి, లేదా పొట్టి పిడి ఉన్న రాట్చెట్‌తో, పిడికి బదులు తల దగ్గర వేళ్ళతో పట్టుకుని, జాగ్రత్తగా బిగించాలి. అర మీటరు పొడవున్న పిడి చేతిలో ఉంటే 10 న్యూటన్ మీటర్లకు కావలసిన బలం రెండు కిలోల బరువు మోసినంతే. అది చేతికి తెలియదు కూడా.

ఇంకొకటి, బోల్టు మరకు నూనె రాశారా? ఆ సంగతి ఉత్తరంలో లేదు. బోల్టు మీద మనం పెట్టే బలంలో దాదాపు తొంభై శాతం రాపిడికే ఖర్చవుతుంది, నిజంగా బోల్టును సాగదీసి బిగువు తెచ్చేది మిగిలిన పది శాతమే. నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు ఎంతో ఎక్కువగా సాగుతుంది. పుస్తకంలో నూనె రాయమని లేకపోతే పొడిగా, శుభ్రంగా ఉన్న మరకే ఆ అంకె వర్తిస్తుంది.

ఇక మోసం సంగతి. ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, గరిష్ఠ విలువ 10 న్యూటన్ మీటర్లకు మించిన టార్క్ రెంచ్‌లో తేడా 4 శాతానికి, అంతకు లోపువాటిలో 6 శాతానికి లోబడి ఉండాలి. 5,000 సార్లు వాడాక గానీ, 12 నెలలు గడిచాక గానీ దాన్ని మళ్ళీ సరిచూడాలి. మీ రెంచ్ పెట్టెలో సరిచూసిన పత్రం లేకపోతే, ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. రెంచ్ చదరపు మొనను గట్టి వైస్‌లో బిగించి, పిడి నేలకు సమాంతరంగా ఉండేలా చూడండి. మొన నడిమధ్య నుంచి పిడి పట్టు మధ్యకు ఎంత దూరమో కొలవండి. 40 సెం.మీ. ఉందనుకుందాం. అక్కడ 20 కిలోల బరువు వేలాడదీస్తే పడే టార్క్ దాదాపు 78 న్యూటన్ మీటర్లు. రెంచ్ సొంత బరువు కూడా దీనికి తోడవుతుందని మరచిపోకూడదు. కిలో బరువున్న రెంచ్ అయితే మరో 2 వేసుకోండి, మొత్తం 80. బరువును కుదుపు లేకుండా, చేత్తో ఆపుతూ నెమ్మదిగా వదలాలి. రెంచ్‌ను 75 దగ్గర పెట్టినప్పుడు ‘టిక్’మనాలి, 85 దగ్గర పెట్టినప్పుడు మౌనంగా ఉండాలి. 85 దాటినా టిక్కుమంటుంటే అది బోల్టును తక్కువగా బిగిస్తోంది. 75 దగ్గర కూడా నోరు మెదపకపోతే విరగగొట్టే రకం. ఇంత తేడా ఉన్నదాన్ని చక్రం నట్లకు కూడా వాడవద్దు. నిజానికి టార్క్ రెంచ్ చెడితే, టార్క్ రెంచ్ లేకపోవడం కన్నా ప్రమాదం. లేనప్పుడు చేయి భయపడుతూ బిగిస్తుంది, ఉన్నప్పుడు టిక్కు కోసం ఆగకుండా తిప్పుతూనే ఉంటుంది.

పని అయ్యాక స్ప్రింగు మీద భారం లేకుండా అమరికను అడుగు గీత దాకా తగ్గించి పెట్టండి, అంతకన్నా కిందికి విప్పవద్దు. బిగుసుకుపోయిన బోల్టులు విప్పడానికి టార్క్ రెంచ్‌ను వాడవద్దు.

ప్రశ్న: తుప్పు పట్టిన బోల్టు తల విరిగిపోయింది. నడిమధ్య రంధ్రం తొలిచి, ఎడమ మర ఉన్న బోల్ట్ ఎక్స్‌ట్రాక్టరును దింపి తిప్పాను. అది కూడా లోపలే విరిగింది. ఇప్పుడు డ్రిల్లు బిట్టు దానిమీద జారిపోతోంది. దారి ఉందా?

జవాబు: ఉంది కానీ అది ఇంటిదారి కాదు. ఎక్స్‌ట్రాక్టరు ఎంతో గట్టిగా, అంతే పెళుసుగా ఉండే ఉక్కు, మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని గీయలేదు. కార్బైడ్ బిట్టుతో, వణుకు లేని యంత్రం మీద తొలవవచ్చు. లేదా విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని కరిగించి తీసే యంత్రం ఉన్న లేతు వర్క్‌షాపుకు ఆ భాగాన్ని విప్పి తీసుకెళ్ళాలి. విరిగిన ముక్క బోల్టు పైకి కాస్త కనిపిస్తుంటే, దాని మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపల వెల్డింగు నింపి, చల్లారుతుండగా పానాతో తిప్పి తీయడం ఇంకొక మార్గం. వెల్డింగు వేడికే సగం తుప్పు వదులుతుంది.

జరిగింది ఎందుకు జరిగిందో చెప్పుకోకపోతే మళ్ళీ జరుగుతుంది. పూర్తి మందంతో ఉన్న బోల్టు, తుప్పు పట్టును వదిలించుకోలేక విరిగింది. దానిలో సగం మందం కూడా లేని ఎక్స్‌ట్రాక్టరు అదే పట్టును ఎలా వదిలిస్తుంది? అది కేవలం అనుకోకుండా విరిగిన, తుప్పు లేని బోల్టులకు పనికివస్తుంది. తుప్పు పట్టినదానికి ముందు వేడి, తర్వాత తుప్పును వదిలించే నూనె, ఆపై ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించడం, అన్నీ అయ్యాకే తొలచడం. తొలిచేది కూడా ఎడమ వైపు తిరిగే డ్రిల్లు బిట్టుతో చేస్తే, తొలుస్తుండగానే బోల్టు ఊడి బిట్టుతో పాటు బయటికి వచ్చేయడం కద్దు. నాసిరకం ఎక్స్‌ట్రాక్టరుకు బదులు మేలురకంది కొనమని నేను చెప్పను. ఎక్స్‌ట్రాక్టరు అవసరం పడే దశకే రాకుండా చూసుకోమంటాను.

ప్రశ్న: కారులో లోపాలు చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో పెట్టి ఫోనులో చూసుకునే చిన్న స్కానరు కొన్నాను. పెట్టి ఉంచితే వారం తర్వాత బ్యాటరీ దిగిపోయింది. దానివల్లేనా?

జవాబు: అయి ఉండవచ్చు. ఓబీడీ సాకెట్‌కు తాళం తీసినా బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది, నిద్రపోవడం తెలియని చవక స్కానరు దాన్ని తాగుతూనే ఉంటుంది. కారులోని కంప్యూటర్లను కూడా అది నిద్రపోనివ్వకపోవచ్చు. చూసుకోవలసింది చూసుకుని, వెంటనే తీసి డబ్బాలో పెట్టండి.

ప్రశ్న: నా ట్రాలీ జాకీతో కారు ఎత్తితే పది నిమిషాల్లో ఒక అంగుళం కిందికి దిగుతోంది. కొత్తది కొనేదాకా, తొందరగా పని ముగించుకుంటూ దీంతోనే నెట్టుకురావచ్చా? స్టాండ్లు ఉన్నాయి కానీ అవీ చవక రకమే.

జవాబు: రాకూడదు. మిగతా పనిముట్లు విరిగితే బోల్టు పోతుంది, వేలి చర్మం ఊడుతుంది. ఈ రెండూ విరిగితే మనిషి మిగలడు.

జాకీ దిగిపోవడం అంటే లోపలి నూనె సీలును దాటో, వదిలే వాల్వు సరిగా మూసుకోకో, వెనక్కి జారుతోందన్నమాట. వాల్వులో ఇసుక రేణువు చిక్కినా ఇలాగే జరుగుతుంది. నూనె మార్చి, సీలు వేసి బాగుచేయవచ్చు. కానీ బాగున్న జాకీ కూడా కారును పైకి ఎత్తడానికే పనికివస్తుంది, ఎత్తిన కారును మోసి ఉంచడానికి కాదు. అది స్టాండ్ల పని. ఒక నిమిషం పనైనా స్టాండ్లు లేకుండా కారు కిందికి చేయి కూడా పెట్టవద్దు.

స్టాండ్ల నాణ్యత గురించి మీకున్న అనుమానం ఊరికే పోయేది కాదు. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల విక్రయ సంస్థ, పళ్ళు సరిగా పట్టుకోక స్టాండు బరువు కింద ఒక్కసారిగా కుంగిపోయే ప్రమాదం ఉందని పది లక్షలకు పైగా జాకీ స్టాండ్లను వెనక్కి పిలిచింది. వాటికి బదులుగా ఇచ్చిన స్టాండ్లలో కొన్నింటిలో వెల్డింగు లోపం బయటపడి, అదే ఏడాది వాటినీ వెనక్కి పిలవవలసి వచ్చింది. కాబట్టి మీ దగ్గరున్న వాటిని ఇలా పరీక్షించండి. నిలువు కమ్మీని ఒక్కొక్క పన్ను పైకి లాగుతూ, ప్రతిచోటా కొక్కెం పన్ను పూర్తి లోతుకు దిగుతోందో లేదో చూడండి. అంచు మీద నిలిచి, చేతి పిడి పైకి లేచి ఉంటే ఆ స్టాండును పక్కన పడేయండి. అతుకుల దగ్గర రంగు పగిలి సన్నని గీత కనిపిస్తే అది రంగు గీత కాదు. పళ్ళకు బదులు రంధ్రంలో అడ్డంగా దూర్చే లావుపాటి పిన్ను ఉన్న స్టాండ్లలో ఈ బెడద లేదు. ఎత్తును ఇంచుమించుగా మాత్రమే అమర్చుకోగలం, అయినా నేను వాడేవి అవే.

కారును గట్టి చదునైన నేల మీద స్టాండ్లపై నిలిపాక, కిందికి దూరే ముందు పక్కనుంచి బలంగా ఊపి చూడండి. పడేదైతే అప్పుడే పడాలి. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టడం, విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం, ఈ రెండూ ఖర్చు లేని జాగ్రత్తలు. సస్పెన్షన్ స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసరు గురించి కూడా ఇద్దరు అడిగారు. దానికీ ఇదే మాట వర్తిస్తుంది. నొక్కి ఉంచిన స్ప్రింగులో వందల కిలోల బలం దాగి ఉంటుంది. చవక కంప్రెసరు కొక్కెం జారితే అది ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఆ పనిని వర్క్‌షాపుకు వదిలేయండి.

ప్రశ్న: అన్ని పనిముట్ల మీదా క్రోమ్ వెనేడియం అనే రాసి ఉంటుంది. అలాంటప్పుడు మంచిదేదో చెడ్డదేదో కొనేముందు ఎలా తెలుసుకోవాలి? అన్నీ ఖరీదైనవే కొనే స్తోమత లేదు.

జవాబు: క్రోమ్ వెనేడియం అన్నది ఉక్కులో కలిపిన దినుసుల పేరు. ఒకే పిండితో ఒకరు చేసిన రొట్టె మెత్తగా, మరొకరిది మాడి ఉన్నట్టు, ఆ ఉక్కును ఎంత వేడికి కాల్చారు, ఎలా చల్లార్చారు, తిరిగి ఎంత వేడిలో ఉంచి పదును పట్టించారు అన్నదాన్ని బట్టి పనిముట్టు గుణం ఉంటుంది. ఆ సంగతి ముద్రలో రాయరు. నల్లగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లకు సాధారణంగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కు వాడతారు. అవి దెబ్బలను తట్టుకోవడానికి కాస్త మెత్తగా, మందంగా ఉంటాయి. మెరిసే మామూలు సాకెట్‌ను కరెంటు ఇంపాక్ట్ గన్‌కు పెడితే పగిలి ముక్కలు ఎగరవచ్చు.

కంటితో చూసి పసిగట్టగలిగేవి కొన్ని ఉన్నాయి. సాకెట్‌ను నోటివైపు నుంచి చూస్తే గోడ మందం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకవైపు పలుచగా కనిపిస్తే రంధ్రం పక్కకు పోయిందన్నమాట, పగిలేది అక్కడే. సరిగ్గా ఆ సైజు బోల్టును వెంట తీసుకెళ్ళి, తొడిగి అటూ ఇటూ తిప్పి ఎంత ఆడుతోందో గమనించండి. రాట్చెట్‌ను చెవి దగ్గర పెట్టి నెమ్మదిగా తిప్పి చూడండి. 24 పళ్ళున్నది ఒక్కో టిక్కుకు 15 డిగ్రీలు తిరగాలి, 72 పళ్ళున్నది 5 డిగ్రీలు తిరిగితే చాలు. ఇరుకులో పిడి కదలడానికి చోటు లేనప్పుడు ఆ పది డిగ్రీల తేడా ఏమిటో తెలుస్తుంది. అయితే నాసిరకంలో సన్నని పళ్ళు మరింత సులువుగా విరుగుతాయి కనుక, చవకది కొనక తప్పకపోతే ముతక పళ్ళున్నదే నయం. క్రోమ్ పూత ఎక్కడైనా పొక్కులా లేచి ఉంటే వద్దు. ఊడిన పూత అంచు బ్లేడులా కోస్తుంది. నా ఎడమ అరచేతిలో దాని గుర్తు ఇప్పటికీ ఉంది.

ఇక దేనికి ఖర్చు పెట్టాలి అన్నదానికి నేను వాడే లెక్క ఒకటే. ఆ పనిముట్టు విఫలమైతే తనతో పాటు దేన్ని పాడుచేస్తుంది? గరాటు, నూనె పళ్ళెం, అయస్కాంతపు కర్ర, వైరు బ్రష్షు, ఇవి పాడైతే అవే పాడవుతాయి. చవకవి చాలు. బ్రేకు పైపు నట్లకు వాడే పానా అలాంటిది కాదు. మామూలు పానా ఆ మెత్తని నట్టును రెండు పక్కలే పట్టుకుని గుండ్రం చేసేస్తుంది, ఆ తర్వాత పైపు మొత్తం మార్చవలసి వస్తుంది. పైపు దూరడానికి చిన్న సందు మాత్రం వదిలి, నట్టును ఐదు పక్కలా పట్టుకునే ఫ్లేర్ నట్ పానాలు 10, 11 మి.మీ. సైజుల్లో మేలురకానివి రెండు కొనుక్కుంటే ఆ ఖర్చు మొదటిరోజే తిరిగి వస్తుంది. అలాగే రోజూ వాడే నాలుగైదు సాకెట్లు. జపాన్ కంపెనీల కార్లకు 10, 12, 14, 17 మి.మీ., ఐరోపా కార్లకు 10, 13, 16, 18 మి.మీ. ఎక్కువగా కావాలి. వీటిని ఆరు మూలలవి, విడివిడిగా, మంచివి కొనండి. నా మొదటి పెట్టెలోని 9, 11, 15 మి.మీ. సాకెట్లు కొన్ననాటి మెరుపుతో అలాగే ఉన్నాయి, 14 మి.మీ. సాకెట్ రెండో నెలలోనే పగిలింది. నూరు సామాన్ల పెట్టెలో మనం డబ్బిచ్చి కొనేది ఎక్కువగా ఆ మెరిసేవాటినే. బిగుసుకున్న భాగాలను లాగి తీసే పుల్లర్ల వంటి, ఏడాదికి ఒకసారి కూడా అవసరం పడనివి తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకోండి.

ప్రశ్న: మీ మాట విని మంచి పానాలు కొనుక్కున్నాను. పాత నాసిరకం పెట్టెను ఏం చేయాలి? ఎవరికైనా ఇచ్చేయమంటారా?

జవాబు: ఎవరికీ ఇవ్వవద్దు, మీ బోల్టుకు జరిగిందే వాళ్ళ బోల్టుకూ జరుగుతుంది. మీ దగ్గరే ఉంచుకోండి, వాటికి వేరే పనులున్నాయి. మామూలు పానా పట్టని చోట ఉండే బోల్టు కోసం ఒక పానాను వంచుకోవచ్చు, మరొకదాన్ని సాన మీద పలుచగా అరగదీసి సన్నని సందులో దూర్చుకోవచ్చు. మంచి పానా మీద ఆ పని చేయడానికి చేయి రాదు. వంచడానికి వేడి చేసే ముందు క్రోమ్ పూతను సానబట్టి తీసేయండి, గాలి ధారాళంగా ఆడే చోటే వేడి చేయండి. పెద్ద సాకెట్లు బుష్షులను, బేరింగులను దింపేటప్పుడు కింద ఆనించడానికి, పైనుంచి తట్టడానికి సరిగ్గా సరిపోతాయి. మొన పోయిన స్క్రూడ్రైవరు రెండు భాగాల బోల్టు రంధ్రాలను ఒకదానికొకటి ఎదురుగా తెచ్చి నిలపడానికి ఉపయోగపడుతుంది. వాటి పిడులకు ఎర్రరంగు పూసి వేరే డబ్బాలో పెట్టండి. కారు కింద నుంచి చేయి చాచి ‘ఆ 14 అందుకో’ అని మీరు అడిగినప్పుడు, అందించేవాళ్ళకు ఏ డబ్బాలోంచి తీయాలో తెలియాలి.